పదకొండు నుంచి నాలుగు దాకా: లైబ్రరీ ఉద్యోగులు టెన్షన్ తగ్గించుకునేది ఎలా?

"మీకేం మేడమ్, ఫ్యాను కింద కూర్చుని పుస్తకాలు చదువుకునే ఉద్యోగం" అని ఈ నెలలో ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. నాతో మొన్న కావలి బస్సులో కండక్టర్ అన్నాడు. అప్పుడు నా సంచీలో మధ్యాహ్నం క్యారేజీ, మడత పెట్టిన దుప్పటి, తాళాల గుత్తి ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చునే మనిషికి దుప్పటి ఎందుకని ఆయన అడగలేదు.

దుప్పటి సంగతే ముందు చెబుతాను. మన శాఖా గ్రంథాలయం ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. కాగితం మీద ఆరు గంటల కొలువు. మధ్యలో ఐదు గంటలున్నాయి, అవి ఎవరి లెక్కలోకీ రావు. పక్క ఊళ్లో ఉండేవాళ్లకు ఇంటికి పోయి రావాలంటే బస్సు ఛార్జీ దండగ, పోకుండా ఉండాలంటే చోటు లేదు. నేను ఉదయం ఏడింటికి ఇల్లు వదిలితే మళ్లీ గడప తొక్కేది రాత్రి ఎనిమిదిన్నరకు. నెల్లూరు జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా, మొదట ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో, ఇప్పుడు సముద్రం వైపు, ఈ ఉద్యోగం చేశాక నాకు తేలింది ఇది: పుస్తకాల బరువు కన్నా, పాఠకుల గొడవల కన్నా మనల్ని ఎక్కువ పీల్చేసేది ఆ ఐదు గంటలు. అవి మీ చేతికి వస్తే మిగతా వాటిలో సగం వాటంతట అవే సర్దుకుంటాయి. కాబట్టి కింద చెప్పినవాటిలో అన్నీ చేయలేకపోయినా, మధ్యాహ్నం గురించి చెప్పింది మాత్రం వదలకండి.

ముందు వారం రోజులు లెక్క రాయండి

లైబ్రరీలో పాత డైరీలకు కొదవ లేదు. ఒకటి తీసుకుని రోజుకు రెండు మాటలు రాయండి. పదకొండుకూ నాలుగుకూ మధ్య ఏం చేశారు? ఈ రోజు ఎక్కడ కోపం వచ్చింది, లేక గుండె దడ పుట్టింది?

నేను రాసుకున్న మొదటి వారంలో ఒక రోజు నెలవారీ రిపోర్టు, ఒక రోజు బ్యాంకు, ఒక రోజు పక్కింటామె పాప అప్లికేషన్ నింపడం, మిగిలిన మూడు రోజులు ఫోను. నడుం వాల్చింది మొత్తం కలిపి నలభై నిమిషాలు. కోపం కాలమ్‌లో "స్వీపర్ రాలేదు" రెండుసార్లు, "బ్లేడు" మూడుసార్లు. బ్లేడు అంటే మీకు తెలుసు. ఉద్యోగ ప్రకటన పడిన పేపర్లో ఆ ముక్క మాత్రం నీటుగా కోసుకుపోవడం.

ఇలా రాస్తే లాభమేమిటంటే, "నాకు మొత్తం అంతా టెన్షనే" అనే మాట పోయి, "నాకు బ్లేడు టెన్షన్" అని తేలుతుంది. బ్లేడుకు మందుంది. నోటిఫికేషన్ పడిన రోజు ఆ పేజీని రెండు జిరాక్సులు తీయించి ఒకటి బోర్డుకు, ఒకటి టేబుల్ మీదకు. నాలుగు రూపాయలతో నాకు తెగిన గొడవ అది.

పొద్దున పదిహేను నిమిషాలు మీవి

ఏడూ నలభై ఐదుకల్లా చేరండి. తలుపు తీయండి గానీ జనాన్ని లోపలికి పిలవకండి. కిటికీలు తెరవాలి, ఫ్యాన్లు వేయాలి, కుండలో నీళ్లు పోయాలి, తర్వాత మీరు కూర్చుని ఒక గ్లాసు నీళ్లు తాగాలి. పరుగెత్తుకుంటూ వచ్చి పాఠకుల మధ్యలోంచి తోసుకుని తాళం తీసిన రోజు, ఆ ఆయాసం పదకొండు దాకా దిగదు. మీరే గమనించండి.

ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దాయన ఉంటాడు. ఎనిమిదికి ఇంకా పది నిమిషాలు ఉండగానే మెట్ల మీద నిలబడి "ఏందమ్మా, ఇంకా పేపర్లు రాలేదా?" అంటాడు. మొదట్లో ఆ గొంతు వింటేనే చిరాకు వేసేది. ఒక రోజు ఏమీ తోచక, "పెదనాయనా, ఈ పేపర్లు కాస్త కర్రలకు ఎక్కించి పెట్టండి" అన్నాను. రిటైరైన మాస్టారట. జిల్లా ఎడిషన్ తీసి లోపల పెట్టి, అంచులు సమానంగా తట్టి, కర్ర బిగించి, ఏ పేపర్ ఏ మేకుకు తగిలించాలో నాకన్నా ఆయనే బాగా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు పది నిమిషాలు మిగిలాయి, ఆయనకు పొద్దున్నే ఒక పని దొరికింది. మీ దగ్గరా అలాంటివాళ్లు ఉంటారు. అడగడానికి మొహమాటపడకండి. రిజిస్టర్లు, డబ్బు, తాళాలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

గొడవలకు మాటలు ముందే తయారుగా పెట్టుకోండి

పోటీ పరీక్షల సీజన్ వస్తే తెలుస్తుంది మన ఓపిక ఎంతో. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ అంటూ పిల్లలు పొద్దున్నే బ్యాగు కుర్చీలో పెట్టి టీకి పోతారు. ఇంకొకరు వచ్చి ఆ బ్యాగు కింద పెడతారు. ఇక చూడండి. ఇద్దరూ మన దగ్గరకే వస్తారు. ఆ క్షణంలో న్యాయం చెప్పాలంటే మనకూ నోరు లేస్తుంది.

అప్పటికప్పుడు మాటలు వెతుక్కోవడం వల్లే మనిషి అలిసిపోతాడు. అందుకే నాలుగు వాక్యాలు బట్టీ పట్టండి. నావి ఇవి. "అరగంట దాటి ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరిదైనా కావచ్చు, బోర్డు మీద ఉంది చూడండి." "ఫోను బయట మాట్లాడి రండి నాయనా, మీ పుస్తకం నేను చూస్తుంటాను." "ఈ పేపర్ తర్వాత ఆయనకు ఇవ్వండి, మీకు ఇంకోటి ఇస్తాను." "నాకు తెలియదు, కనుక్కుని రేపు చెబుతాను." చివరిది చెప్పడం నేర్చుకోవడానికే నాకు పదేళ్లు పట్టింది. హాల్‌టికెట్ ఎందుకు రాలేదు, ఫలానా పోస్టుకు వయసు సడలింపు ఎంత అని అడిగితే లైబ్రేరియన్‌కు అన్నీ తెలిసి ఉండాలని ఎవరు పెట్టారో ఆ రూలు!

బోర్డు తప్పకుండా రాయించండి. బోర్డు ఉంటే మనం తిట్టినట్టు ఉండదు, చదివి వినిపించినట్టు ఉంటుంది.

ఇంత చేసినా ఒంట్లో వేడి పుడితే వెంటనే జవాబు ఇవ్వకండి. రిజిస్టర్ తెరిచి ఏదో వెతుకుతున్నట్టు తల దించుకోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదుసార్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె కొట్టుకునే వేగం కాస్త నెమ్మదిస్తుంది. నిమిషం కూడా పట్టదు. మీరు రిజిస్టర్ చూస్తున్నారనే అవతలి మనిషి అనుకుంటాడు.

నీళ్ల సంగతి, చెప్పుకోలేని సంగతి

ఇది ఆడవాళ్లకు ముఖ్యం, అయినా మగవాళ్లూ చదవండి, మీ పక్కన పనిచేసేవాళ్ల కోసం. చాలా శాఖలు అద్దె గదుల్లో నడుస్తాయి. బాత్‌రూమ్ ఉండదు, ఉన్నా తలుపు ఉండదు. అందుకని మనం నీళ్లు తాగడం మానేస్తాం. ఉదయగిరి వైపు పనిచేసిన రోజుల్లో నేను అదే చేశాను. పొద్దున ఒక కాఫీ, మళ్లీ మధ్యాహ్నం నీళ్లు. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ, పైన రేకుల కప్పు. ఒక సాయంత్రం పాత పేపర్ల కట్ట ఎత్తబోయి అలాగే కూలబడ్డాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దాని మీద వడదెబ్బ. పది రోజులు మంచం మీద.

కాబట్టి కొత్త ఊళ్లో చేరిన మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది. పుస్తకాల లెక్క చూసుకునే కన్నా ముందు, దగ్గర్లో వాడుకోదగ్గ బాత్‌రూమ్ ఎక్కడుందో కనుక్కోండి. సచివాలయం, అంగన్‌వాడీ, బడి, ఎదురింటి అత్తమ్మ, ఏదో ఒకటి. వాళ్లతో ఒకసారి నోరు తెరిచి మాట్లాడి పెట్టుకుంటే రోజూ సిగ్గుపడాల్సిన పని ఉండదు. దాంతోపాటే, బాత్‌రూమ్ కావాలని పైఆఫీసుకు కాగితం కూడా రాయండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే ఆరు నెలలకు మళ్లీ రాయండి.

లీటరు బాటిల్ ఒకటి టేబుల్ మీద పెట్టి పదకొండుకల్లా ఖాళీ చేయండి. ఎండాకాలం మజ్జిగ. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు డ్రాయర్లో ఉండాలి. పెద్ద ప్యాకెట్‌కు లీటరు నీళ్లు, చిన్నదైతే దాని మీద రాసినన్ని, గ్లాసులో కలిపి తాగేయడం కాదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వాడండి.

ఇక ఆ ఐదు గంటలు

లైబ్రరీలు ఎలా నడవాలో చెప్పే రంగనాథన్ గారి ఐదు సూత్రాలు మనమంతా పరీక్షకు చదువుకున్నాం. 1931లో రాశారు. వాటిలో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. లైబ్రేరియన్ సమయం ఆదా చేయమని ఆరోది ఎందుకు రాయలేదా అని మధ్యాహ్నం పన్నెండింటికి నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది. ఆయన రోజుకు ఎన్ని గంటలు పనిచేసేవారో తెలిసినవాళ్లు నన్ను చూసి నవ్వుతారులెండి.

ఐదు గంటలను మూడు ముక్కలు చేయండి. పదకొండు నుంచి పన్నెండు ఆఫీసు పని: రిపోర్టు, ఉత్తరాలు, కొత్త పుస్తకాలకు నంబర్లు. తెలుగు సాహిత్యానికి ఉండే 894.827 నంబరును పుస్తకాల వెన్నుల మీద రాసుకుంటూ పోవడంలో ఒక ప్రశాంతత కూడా ఉంది, ఎవరూ పిలవరు గనుక. పన్నెండు కొట్టగానే పెన్ను మూత పెట్టండి. పని మిగిలితే రేపు పదకొండుకు చేద్దురుగాని. దాన్ని ఒంటిగంట దాకా, రెండు దాకా సాగనిస్తే అది సాగుతూనే ఉంటుంది.

పన్నెండు నుంచి రెండు మీ ఒంటి కోసం. భోజనం, తర్వాత పడక. షట్టర్ సగం దించి, రిఫరెన్స్ బీరువా వెనక చాప వేసి, దాని మీద దుప్పటి. కండక్టర్ అడగని దుప్పటి ఇదే. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఫోన్‌లో అలారం పెట్టండి. గంటన్నర పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉండి సాయంత్రం పూట పాడవుతుంది. నిన్నటి చేపల పులుసు తెచ్చుకున్న రోజు అలారం రెండు పెట్టుకోవాలి, నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాలా! గదిలో ఒంటరిగా పడుకోవడానికి భయమనిపిస్తే బలవంతం వద్దు. తెలిసిన ఇల్లు, అంగన్‌వాడీ గది చూసుకోండి.

రెండు నుంచి నాలుగు మీ ఇష్టం. కానీ ఒక్క పనికే ఇవ్వండి. నేను ఆ రెండు గంటల్లో కుట్లు నేర్చుకున్నాను. తోటి లైబ్రేరియన్ ఒకాయన ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ పూర్తి చేశాడు. ఏమీ లేకపోతే చదవండి. నవ్వకండి, లైబ్రరీలో పనిచేసేవాళ్లలో చదివేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. పిల్లల బొమ్మల పత్రికైనా సరే, ఎవరికీ సమాధానం చెప్పాల్సిన అవసరం లేని పది పేజీలు. ఫోన్ మాత్రం ఆ రెండు గంటలూ డ్రాయర్లో. దానితో మొదలుపెడితే నాలుగెప్పుడైందో తెలియదు, కళ్లు మంటలు అదనం.

ఊళ్లోవాళ్లు పదకొండున్నరకు, రెండుకు తలుపు తడతారు. "లోపలే ఉన్నారు గదమ్మా, ఒక్క పుస్తకం" అంటారు. ఒకరికి తీస్తే వారంలో పదిమందికి తీయాలి. "నాలుగింటికి రండి, మీకోసం తీసి పెడతాను" అని చెప్పి, నిజంగానే తీసి పెట్టండి. నెల రోజుల్లో అలవాటు పడతారు.

దుమ్ము, బరువు

దీని గురించి ఎక్కువ చెప్పను. పాత పుస్తకాలు దులిపే రోజు ఎన్95 మాస్కు కట్టుకోండి, చున్నీ చాలదు. పొడి చీపురుతో కొడితే దుమ్ము లేచి మళ్లీ మన ముక్కులోకే వస్తుంది, బీరువాలను తడి పిండిన గుడ్డతో, పుస్తకాలను పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. రోజుకు ఒక్క బీరువా. కలరా ఉండలు వేసిన గది కిటికీలు తెరిచి కాసేపు ఆగి లోపలికి వెళ్లండి, తలనొప్పి సగం తగ్గుతుంది. కింది అరలకు వంగకుండా చిన్న స్టూలు వేసుకుని కూర్చోండి. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, కట్టను పొట్టకు ఆనించి లేవండి. పేపర్ల కట్టలు చిన్నవిగా కట్టించండి, కొనేవాడు పెద్దవి అడిగినా సరే.

ఏడింటికి తాళం

సాయంత్రం పూట చివరి పదిహేను నిమిషాలు ఎలా గడిస్తే ఆ రాత్రి నిద్ర అలా ఉంటుంది. ఆరూ నలభై ఐదుకు ఒకసారి గంట కొట్టండి. పేపర్లు దించి, ఫ్యాన్లు ఆపి, కిటికీలు చూసి, రేపటి మొదటి పని ఒక్కటి చీటీ మీద రాసి టేబుల్ మీద పెట్టండి. ఇంటికి వెళ్లాక "అయ్యో, అది చేయాలి" అని తొలిచేది అదే, చీటీ మీద ఉంటే తొలచదు.

తాళం వేసి బస్సెక్కాక, వేశానా లేదా అని అనుమానం. ఒకసారి సగం దారిలో దిగి ఆటో మాట్లాడుకుని వెనక్కొచ్చాను. తాళం భేషుగ్గా వేలాడుతోంది. అప్పటి నుంచి వేశాక ఒకసారి లాగి, ఫోన్‌తో ఫొటో తీస్తాను. బస్సులో అనుమానం వస్తే ఫొటో చూసుకుంటాను. మా అమ్మాయి నా ఫోన్ తెరిచి "అమ్మా, నీ గ్యాలరీ నిండా తాళాలేందే?" అని పడీపడీ నవ్వింది. నవ్వనీండి, నిద్ర పడుతోంది.

చలికాలం ఏడంటే చీకటే. మూసేటప్పుడు ఒంటరిగా మిగలకుండా, నమ్మకమున్న పాఠకులు ఒకరిద్దరు వెళ్లకుండా ఆగేలా చూసుకోండి. వెంటపడేవాడు, అదేపనిగా చూసేవాడు ఉంటే మొదటి రోజే ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పండి. 112, మహిళలకు 181 ఫోన్‌లో సేవ్ చేసి ఉండాలి.

శుక్రవారం ఎవరిది?

మనకు సెలవు శుక్రవారం, ఇంట్లోవాళ్లకు ఆదివారం. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటే మనం లైబ్రరీలో. శుక్రవారం మనం ఇంట్లో ఉంటే ఎవరూ ఉండరు. ఉండకపోతే ప్రశాంతమే కదా అనుకుంటారు. తెలుగింట్లో శుక్రవారమంటే ఏమిటో అలా అనుకునేవాళ్లకు తెలియదు. ఇల్లు కడగాలి, గడపకు పసుపు, తలంటు, పూజ, వారం బట్టలు. శ్రావణంలో అయితే చెప్పనే అక్కర్లేదు. వారంలో ఒక్క సెలవు రోజే వారంలో అన్నింటికన్నా బరువైన రోజు.

ఇంట్లో మాట్లాడండి. ఇల్లు కడగడం ఆదివారానికి మార్చి, ఇంట్లో ఉండేవాళ్లకు అప్పగించండి. పూజ మీకు ఇష్టమైతే చేసుకోండి, మిగతాది వదలండి. శుక్రవారానికి ఒక గొప్ప వసతి ఉంది, ఊరంతా పనిలో ఉంటుంది. మైపాడు బీచ్‌లో జనం ఉండరు. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడిలో ఆదివారం రద్దీ ఉండదు. ఒంగోలు వైపు వాళ్లకు కొత్తపట్నం ఉంది. నెలకు ఒక్క శుక్రవారం పొద్దున పూట బయటికి పోండి, టిఫిన్ కూడా బయటే. మిగిలిన మూడింటిలో ఎవరూ లేని ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోండి.

నవంబరు, స్టాకు చెకింగు

ఏడాదిలో రెండు సమయాల్లో మన బీపీ చూడాలి. మొదటిది నవంబర్ 14 నుంచి 20, గ్రంథాలయ వారోత్సవాలు. మన జిల్లాలకు అదే అసలైన వానాకాలం. 2021లో సరిగ్గా వారోత్సవాల చివరి రోజుల్లో పెన్నకు వరదొచ్చి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. కాబట్టి పిల్లల పోటీలు మొదటి రెండు రోజుల్లోనే ముగించండి. బహుమతులు సెప్టెంబర్లోనే కొనండి, అదీ ఆఫీసు డబ్బు చేతికొచ్చాకే. సొంత డబ్బు పెట్టి తర్వాత తీసుకుందాంలే అనుకున్నవాళ్లకు ఆ "తర్వాత" ఎప్పుడొచ్చిందో అడగండి. దీపావళికల్లా కింది అర పుస్తకాలు పైకి ఎక్కించేస్తే తుపాను వార్త విన్న రాత్రి నిద్ర చెడదు.

రెండోది స్టాకు చెకింగు, అంటే రిజిస్టర్‌లో ఉన్న పుస్తకాలన్నీ అరల్లో ఉన్నాయో లేదో సరిచూడటం. పుస్తకం కనపడకపోతే జీతంలో కోస్తారేమోనన్న భయం ఎంతమందిని నమిలేస్తోందో నాకు తెలుసు. పోయిన పుస్తకాన్ని ఏడాది చివర కాకుండా, పోయిందని తెలిసిన రోజే నోట్‌బుక్‌లో రాసి, నెలకోసారి పైకి కాగితం పంపండి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల లైబ్రరీలకు 2017 ఆర్థిక నియమావళి ఉంది. ఏడాదిలో పాఠకులు వాడిన వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని, నిర్లక్ష్యం, మోసం లేకపోతే చాలని అందులో ఉంది. మనకు అది నేరుగా వర్తించదు. అయినా లెక్కలు రాసే పెద్దలే పుస్తకాలు పోతాయని ఒప్పుకున్నారు, మీరెందుకు దొంగలాగా కుమిలిపోవాలి?

ఇవన్నీ చేసినా తేలిక పడకపోతే

రెండు మూడు వారాలుగా నిద్ర లేకపోవడం, అన్నం సహించకపోవడం, ఊరికే కళ్లలో నీళ్లు రావడం, పొద్దున తాళం చేతిలోకి తీసుకోవాలంటేనే భయం, ఇవి ఉంటే నిద్రతో, బీచ్‌తో పోయేవి కావు. 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పాఠకుల్లో రిజల్ట్ వచ్చిన రోజు మూల కుర్చీలో కూలబడే పిల్లలకూ ఈ నంబరే ఇవ్వండి, వాళ్ల బాధంతా మీరొక్కరే మోయకుండా. ఆ నంబర్ నేను ముందు బోర్డు మీద వాళ్లకోసమే రాయించాను. రెండేళ్ల కిందట, మా నాన్న పోయాక, నేనూ చేశాను. ఇంట్లోంచి చేయడం కుదరలేదు, పాఠకుల ముందు చేయలేం కదా. మధ్యాహ్నం పన్నెండున్నరకు, షట్టర్ సగం దించి, చాప మీద కూర్చుని చేశాను.